పాత కెమెరా కొనేముందు పళ్లు పట్టి చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఫిల్మ్ కెమెరాల మీద కుర్రకారుకు మళ్లీ మోజు పుట్టిందని ఈమధ్య పత్రికల్లో తరచూ వస్తోంది. రాసేవాళ్లంతా ఏ మోడల్ గొప్పదో, ఎంత పలుకుతోందో చెప్పి ఊరుకుంటున్నారు. కొనేవాళ్లూ పేరు చూసే డబ్బు పోస్తున్నారు. ఎడ్ల సంతలో జాతి అడిగాక పళ్లు పట్టి చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. నలభై యాభై ఏళ్ల కిందటి యంత్రానికీ అదే పద్ధతి. పైగా వీడియోల్లో సలహాలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది చల్లని దేశాలవాళ్లు. కాకినాడ ముసురు, రామగుండం ఎండ వాళ్ల లెక్కలోకి రావు. మన దగ్గర వాడి పాడుచేసిన కెమెరాలకన్నా గాలిలో తేమ, వేసవి వేడి, లోపల మరిచిపోయిన బ్యాటరీ పాడుచేసినవే ఎక్కువ. ఈ సంగతులు మీ పాఠకులకు పనికొస్తాయని రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది, మన్నించండి.

చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో పెన్నంత టార్చి, రెండు ఎల్ఆర్44 బటన్ సెల్లులు, ఒక 6 వోల్టుల 4ఎల్ఆర్44 సెల్లు, స్లో మోషన్ తీసే ఫోన్ ఉండాలి. "బ్యాటరీ లేదండీ, వేస్తే పనిచేస్తుంది" అనే మాటకు మందు మన జేబులోని సెల్లే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో గానీ, జుమ్మేరాత్ బజారులో గానీ కొన్నదానికి గ్యారంటీ అనే మాట ఉండదు. పోయినా ఫరవాలేదు అనుకున్నంతే అక్కడ పెట్టాలి. కోఠీ బ్యాంక్ స్ట్రీట్ లాంటి చోట కొట్టాయన రేపు కూడా అక్కడే ఉంటాడు గనుక కాస్త ఎక్కువైనా నయం. ఎక్కడ కొన్నా బాడీ నంబరు, లెన్స్ నంబరు వేసిన రసీదు రాయించుకోండి. తర్వాత ఇది దొంగసొత్తని ఎవరైనా వస్తే చేతిలో కాగితం ఉండాలి.

ముందు లెన్స్ చూడాలి. బాడీ నుంచి విప్పి, అపర్చర్ (వెలుతురు లోపలికి వెళ్లే కన్నం) పూర్తిగా తెరిచి, వెనకనుంచి టార్చి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూడండి. నేరుగా చూస్తే ఏ లెన్సైనా కడిగిన ముత్యంలాగే ఉంటుంది. ఫంగస్ (బూజు) అయితే గాజు అంచునుంచి లోపలికి సన్నటి పోగులు పాకి ఉంటాయి, సాలెగూడు చిరిగి అతుక్కున్నట్టు. ఊదిన ఆవిరిలా మొత్తం మసకగా ఉండి తుడిచినా పోకపోతే అది లోపలి గ్రీజు వేడికి ఆవిరై గాజు మీద కూర్చున్న పొర. అంచున నీళ్లమీది నూనెలా రంగులు తేలుతుంటే, రెండు గాజుల్ని కలిపి అతికించిన జిగురు విడిపోతోందని అర్థం. పొర శుభ్రమవుతుంది. జిగురు విడిపోయినది మాత్రం ఇక్కడ బాగుచేయించుకోవడం ఖర్చుకు తగదు. నాలుగు ధూళి రేణువులకు ఎవరూ బేరం మానక్కర్లేదు. గీతల్లో వెనక గాజు మీదిది ముందు గాజు మీదిదానికంటే చెడ్డది.

ఫంగస్ గురించి ఇంకో మాట. "కొంచెమే ఉంది, ఫోటోలో పడదు" అని అమ్మేవాళ్లంటారు. అది సగం నిజం. మామూలు వెలుతురులో పడదు, వెలుగుకు ఎదురుగా తీసినప్పుడు బొమ్మ పాలిపోతుంది. అసలు నష్టం వేరే ఉంది. ఆ బూజు వదిలే ఆమ్లం గాజుమీది పూతను తింటుంది. తర్వాత మెకానిక్ ఎంత శుభ్రం చేసినా పోగుల మచ్చ గాజు మీద ముద్రలా మిగిలిపోతుంది. అంచున ఒకటి రెండు పోగులుంటే ధర తగ్గించి తీసుకోవచ్చు. నడిమధ్యకు పాకితే వదిలేయండి. ఫంగస్ లెన్సును మిగతావాటి పక్కన పెడితే అంటుకుంటుందని కొందరు భయపడతారు. దాని విత్తులు గాలిలో ఎప్పుడూ ఉండేవే, తేమ దొరికితేనే మొలుస్తాయి.

తర్వాత అపర్చర్ రేకులు. అపర్చర్‌ను చిన్నదిగా పెట్టి, లెన్స్ వెనక ఉన్న చిన్న మీటను వేలితో నెట్టి వదిలితే రేకులు టక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలినా, రేకుల మీద నూనె మెరిసినా జాగ్రత్త. ఫోకస్ తిరిగే మరల్లోని గ్రీజు వేసవిలో పలచబడి రేకుల మీదికి దిగుతుంది. అలాంటి లెన్సుతో ఎఫ్2లో, అంటే కన్నం పెద్దగా పెట్టి, తీసినవి బాగా వస్తాయి, ఎఫ్11లో, అంటే కన్నం చిన్నదిగా పెట్టి, తీసినవి తెల్లబోతాయి. షట్టర్ (రీలు ముందు తెరుచుకుని మూసుకునే తెరలు) తెరుచుకునేలోగా రేకులు పూర్తిగా దిగకపోవడమే కారణం. ఇది తెలియక చాలామంది వెలుతురు కొలిచే మీటర్ని అనుమానిస్తారు.

షట్టర్ పరీక్షకు లెన్స్ తీసి, వెనక తలుపు తెరిచి, వెలుతురున్న గోడకేసి పెట్టాలి. వేగం 1/1000లో (సెకనులో వెయ్యో వంతు) పెట్టి నొక్కితే చట్రం అంతటా ఒకే వెలుగు మెరవాలి. ఒక పక్క చీకటిగా ఉంటే రెండో తెర మొదటిదాన్ని తరుముకొచ్చి మధ్యలోనే మూసేస్తోందన్నమాట. ఫోన్‌ను సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి తీయండి. 1/30కి దాదాపు 8 ఫ్రేములు, 1/60కి 4 ఫ్రేములు వెలుగు కనబడాలి. 1 సెకను, అర సెకను, పావు సెకనుకు ఫోన్లో శబ్దం రికార్డు చేసి, తెరిచిన చప్పుడుకూ మూసిన చప్పుడుకూ మధ్య దూరం కొలిస్తే చాలు. 1 సెకనులో పెడితే తెరుచుకుని అలాగే ఉండిపోయే కెమెరాలు చాలా దొరుకుతాయి. లోపల నెమ్మది వేగాలను నడిపే పళ్లచక్రాల్లో నూనె గట్టిపడటమే దానికి కారణం. ఒకసారి శుభ్రం చేయిస్తే బాగవుతుంది. వేగాలు కొంచెం అటూఇటూ అయినా కంగారుపడక్కర్లేదు. 1/1000 అని రాసి ఉన్నది 1/700 ఇస్తే నెగటివ్ రీలు దాన్ని పట్టించుకోదు.

గుడ్డ తెరల కెమెరా అయితే చీకటి గదిలో లెన్స్ వైపునుంచి టార్చి వేసి, వెనకనుంచి సూదిబెజ్జాలు ఉన్నాయేమో చూడాలి. లెన్స్ వెనక అద్దం లేని రేంజ్‌ఫైండర్ రకాల్లో (వీటిలో లెన్స్‌లోంచి కాక పక్క కిటికీలోంచి చూస్తారు) మూత పెట్టకుండా ఎండకేసి వదిలేస్తే లెన్స్ భూతద్దంలా పనిచేసి తెరను కాల్చేస్తుంది. పాత సోవియట్ ఫెడ్, జోర్కీలకు ఇది మామూలు జబ్బు. వాటిలో ఇంకో తిరకాసుంది: రీలు ముందుకు తిప్పి షట్టర్ ఎక్కించాకే (నొక్కడానికి సిద్ధం చేశాకే) వేగం మార్చాలి. జోర్కీ-4లో ఆ వరస తప్పితే లోపలి మర దెబ్బతింటుంది.

బ్యాటరీ గది మూత తప్పకుండా విప్పించండి. మూత రాకపోతే లోపల సెల్లు కారి అతుక్కుపోయిందని అనుకోవచ్చు. తెల్లటి, పచ్చటి పొడి కొద్దిగా ఉంటే దూదిపుల్లను నిమ్మరసంలో గానీ వెనిగర్‌లో గానీ ముంచి తుడిస్తే పోతుంది. ఆల్కలైన్ సెల్లు కారేది క్షారం కాబట్టి పులుపు దాన్ని విరుస్తుంది. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్లీ తుడిచి ఆరబెట్టాలి. పచ్చదనం తీగలోకి పాకి ఉంటే తీగే మార్చాలి. మీటర్‌ను ఫోన్లోని లైట్ మీటర్ యాప్‌తో మూడు చోట్ల పోల్చండి: ఎండలో, నీడలో, గదిలో. మూడు చోట్లా ఒకే తేడా వస్తే ఐఎస్ఓ (రీలు వెలుతురును పట్టే వేగం) చక్రం ఆ మేరకు జరిపి వాడుకోవచ్చు. ఎండలో సరిగ్గా ఉండి గదిలో రెండు స్టాపులు (ఒక్కో స్టాపంటే వెలుతురు రెట్టింపో సగమో) తప్పితే ఆ మీటర్‌ను నమ్మొద్దు.

ఇక ఏ కెమెరా అంటారా? మొదటిసారి కొనేవాళ్లకు బ్యాటరీ లేకపోయినా షట్టర్ నడిచేదే మా ఓటు. పెంటాక్స్ కే1000 అలాంటిది. 1976 నుంచి 1997 దాకా తయారైంది కాబట్టి విరివిగా దొరుకుతుంది. ఒక్క ఎల్ఆర్44 సెల్లు, అదీ మీటర్‌కే. దానికి ఆన్, ఆఫ్ మీట లేదు, లెన్స్ మూత పెడితేనే మీటర్ నిద్రపోతుంది. మూత పోగొట్టుకున్నవాళ్లు సెల్లులు కొంటూనే ఉంటారు. నికాన్ ఎఫ్ఎం, ఎఫ్ఎం2 కూడా అదే కోవ, నిలువుగా దిగే లోహపు షట్టర్లు, మన్నిక ఎక్కువ. ఎఫ్ఎం10ను ఫోటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థులు బాగా కొన్నారు కాబట్టి ఇప్పటికీ కనబడుతుంది. ప్లాస్టిక్ ఒళ్లు, కానీ పని చేస్తుంది.

కానన్ ఏఈ-1 అందమైనదే. 1976 నాటిది, 6 వోల్టుల సెల్లు లేకపోతే మాత్రం ఉలకదు పలకదు. నొక్కినప్పుడు కీచుమని దగ్గినట్టు చప్పుడొస్తే అద్దాన్ని కదిపే చక్రానికి నూనె ఎండిపోయిందని గుర్తు. అక్కడికి సూది మొనకు అంటినంత నూనె చాలు. చుక్క పోస్తే అది పాకి తెరలమీదికి చేరుతుంది. అందుకే ఆ పని తెలిసినవాడికే ఇవ్వాలి. మినోల్టా ఎక్స్-700లో కెపాసిటర్లనే చిన్న విద్యుత్ భాగాలు పోతాయి. మార్చేవాడు దొరికితేనే అది కొనండి. ఒలింపస్ ట్రిప్ 35కు బ్యాటరీయే లేదు, లెన్స్ చుట్టూ ఉన్న సెలీనియం గాజే దాని కన్ను. రింగును 'A' అక్షరం మీద పెట్టి, ఆ గాజును అరచేత్తో మూసి నొక్కితే వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) ఎర్ర నాలుక లేవాలి, షట్టర్ పడకూడదు. వెలుతురులో నొక్కితే పడాలి. ఈ రెండూ జరిగితే సగం బేరం అయినట్టే. జెనిట్-ఈతో వచ్చే హీలియోస్ 58 మిల్లీమీటర్ల లెన్స్ మంచిది. కెమెరా మాత్రం మొరటు, 1/30 నుంచి 1/500 దాకా ఐదే వేగాలు. పాత స్టూడియోల నుంచి ఒకదానిపై ఒకటి రెండు లెన్సులుండే యాషికా మ్యాట్‌లు వస్తుంటాయి. రెండు లెన్సుల్లో ఫోటో తీసేది కిందిది, పైది చూసుకోవడానికే. మెరిసే పై లెన్స్ చూసి మోసపోవద్దు. వాటి సెల్ఫ్ టైమర్ మీట జోలికి అసలే పోవద్దు. అది ఇరుక్కుంటే షట్టర్ మొత్తం ఆగిపోతుంది.

ఏది కొన్నా, చెప్పిన ధరలో మూడో వంతు సర్వీసుకు పక్కన పెట్టుకోండి. "సర్వీస్ చేయించాం" అనే మాటకు కాగితం ఉంటేనే విలువ.

ఇంటికి తెచ్చాక మొదటి పని వెనక తలుపు అంచుల్లోని నల్ల ఫోమ్. డెబ్బై, ఎనభైల నాటి కెమెరాల్లో వెలుతురు రాకుండా పెట్టిన ఆ ఫోమ్ తేమకు కరిగి తారులా తయారవుతుంది. వేలికి నల్లగా అంటితే దాని ఆయువు తీరిందన్నమాట. అలాగే వాడితే రంగు ఫోటోల అంచుల్లో నారింజ, ఎరుపు చారలు పడతాయి, ముక్కలు ఊడి షట్టర్ తెరలకు అంటుకుంటాయి. మార్చడం గంటన్నర పని. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 50 మిల్లీలీటర్లు, వెదురు పళ్లపుల్లలు, దూదిపుల్లలు, స్టీలు స్కేలు, కొత్త బ్లేడు, వెనక జిగురున్న నల్ల ఫోమ్ 1.5 మిల్లీమీటర్లది కాస్త, 2.5 మిల్లీమీటర్లది కాస్త, అంతే. చేతులు కడిగే శానిటైజర్ వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు మిగులుతుంది.

షట్టర్ తెరల మీద కాగితం అడ్డుపెట్టి పక్కల టేపు వేయండి. కెమెరాను వంచి పట్టుకుంటే చెత్త బయటికే రాలుతుంది. దూదిపుల్లతో ఆల్కహాల్ రాసి రెండు మూడు నిమిషాలు నాననివ్వండి. తర్వాత పుల్ల కొనను చదును చేసి గాడి వెంట నెట్టండి. ఇనుప మొనతో గీకితే నల్ల రంగు లేచిపోయి లోపల మెరుపు వస్తుంది, దానివల్ల కొత్త చిక్కు. గాడి పూర్తిగా శుభ్రమయ్యేదాకా కొత్త ఫోమ్ పెట్టొద్దు, పాత జిగురు మీద కొత్తది నిలవదు. గాడి వెడల్పు కొలిచి ఫోమ్‌ను సన్నటి పట్టీలుగా కోయండి, సాధారణంగా రెండు మిల్లీమీటర్లకు అటూఇటూ వస్తుంది. పట్టీ తీగలా వంకరపోయి పక్కకు అంటుకుంటుంటే జిగురు వైపు నీటితో కాస్త తడిచేయండి. వెంటనే అంటదు, సరిచేసుకునే వ్యవధి దొరుకుతుంది, ఆరాక పట్టేస్తుంది. సన్న గాడుల్లో ఫోమ్ బదులు నల్ల ఊలు దారం కూడా బాగా పనిచేస్తుంది, పైగా అది మళ్లీ కరగదు. మడతబందు ఉన్న పక్క మందం ఫోమ్ కావాలి. మరీ మందమైతే తలుపు గొళ్లెం పడదు. బలవంతంగా మూయకుండా పలచటిది వేయండి.

అద్దం పైకి లేచినప్పుడు తగిలే మెత్త కూడా అదే జాతి. దాన్ని మార్చేటప్పుడు చుక్క ఆల్కహాల్ కూడా పైనున్న ఫోకసింగ్ తెరకు తగలకూడదు. అది ప్లాస్టిక్, మచ్చ పడితే మచ్చే. అద్దాన్ని గుడ్డతో తుడవొద్దు. మన ఇంటి అద్దానికి వెండిపూత వెనక ఉంటుంది, దీనికి ముందే ఉంటుంది, రుద్దితే ఊడుతుంది. బ్లోయర్‌తో ఊదితే చాలు. స్క్రూలు విప్పాలని చెయ్యి దురదపెడితే ఒకటి గుర్తుంచుకోండి. జపాన్ కెమెరాల ప్లస్ స్క్రూల గాడి కొలత వేరు, దాన్ని జేఐఎస్ అంటారు. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ జారి తల అరిగిపోతుంది.

మెర్క్యురీ సెల్లుల చిక్కు వేరే ఉంది. 1960, 70ల నాటి మినోల్టా ఎస్ఆర్‌టీ 101, కానొనెట్ క్యూఎల్17, యాషికా మ్యాట్-124జీ లాంటివి 1.35 వోల్టుల పీఎక్స్625 సెల్లుకు కట్టినవి. పాదరసం విషమని వాటిని ఆపేశారు. అదే కొలతలో ఇప్పుడు దొరికే ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులతో మొదలై రోజురోజుకూ దిగుతుంది. దాంతో మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ వెలుతురు ఉందని చెబుతుంది, ఫోటోలు నల్లబడతాయి, ఆ తేడా కూడా ఒకచోట నిలవదు. చవకైన మార్గం చెవి మిషన్లకు వేసే 675 నంబరు జింక్-ఎయిర్ సెల్లు. నీలం రంగు బిళ్ల అంటించి వస్తుంది, వినికిడి యంత్రాల కొట్టులో దొరుకుతుంది, 1.4 వోల్టులు నిలకడగా ఇస్తుంది. కొలత చిన్నది కాబట్టి చుట్టూ రబ్బరు రింగు పెట్టాలి. బిళ్ల తీసి ఓ నిమిషం గాలి తగలనిచ్చి వేయండి. ఒకసారి తీశాక వాడినా వాడకపోయినా రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. అది నచ్చకపోతే లోపల డయోడు (వోల్టు తగ్గించే చిన్న భాగం) ఉన్న అడాప్టర్‌లో ఎస్ఆర్44 సిల్వర్ సెల్లు వేసుకోవచ్చు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ వాళ్లకు ఈ బాధ లేదు. దాని మీటర్ బ్రిడ్జి సర్క్యూట్, వోల్టు కాస్త ఎక్కువైనా లెక్క తప్పదు.

మొదటి రీలు పెళ్లికి తీసుకెళ్లొద్దు. 200 ఐఎస్ఓ రీలు వేసి, మిట్టమధ్యాహ్నం ఆకాశం కనిపించే నీడలో ఒక గోడ ముందు స్టాండు మీద పెట్టండి. 1/1000 ఎఫ్2.8, 1/500 ఎఫ్4, 1/250 ఎఫ్5.6, 1/125 ఎఫ్8, 1/60 ఎఫ్11, 1/30 ఎఫ్16, ఈ ఆరూ వరసగా తీయండి. కాగితం మీద ఆరింటిలోనూ పడే వెలుతురు ఒకటే. కడిగించాక నెగటివ్‌లో ఆరూ ఒకే నలుపులో ఉంటే షట్టర్, అపర్చర్ రెండూ సరే. తర్వాత దూరంగా ఉన్న సెల్ టవర్‌ను, మీటరు దూరంలో ఏటవాలుగా పెట్టిన వార్తాపత్రికను పూర్తి అపర్చర్‌లో తీసి ఫోకస్ చూసుకోండి. రీలు ఎక్కించాక ప్రతిసారీ మీట తిప్పినప్పుడు ఎడమవైపు రివైండ్ చక్రం కూడా తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే రీలు పళ్లకు పట్టలేదు, ముప్ఫై ఆరూ గాలికే. చుట్టేటప్పుడు అడుగునున్న బొడిపె నొక్కాకే చుట్టాలి, లేకపోతే రీలు తెగుతుంది.

నెగటివ్ చేతికొచ్చాక ల్యాబుతో గొడవపడేముందు అంచుల్లోని అంకెలు చూడండి. అంకెలు గట్టిగా ఉండి లోపల ఖాళీగా ఉంటే తప్పు కెమెరాదో మనదో. అంకెలే పాలిపోయి ఉంటే కడిగినచోట తప్పు జరిగింది. నల్ల మరకలు రంధ్రాలున్న అంచునుంచి మొదలైతే వెలుతురు కారుతోంది.

మన పట్టణాల్లో చాలా ల్యాబులు రీలు కడిగే మిషన్లు ఆపేశాయి కాబట్టి కొందరు ఇంట్లోనే కడుక్కుంటున్నారు. ఇక్కడ మన ఎండ వేసే తమాషా చూడండి. కలర్ రీలు సీ-41 పద్ధతికి 37.8 డిగ్రీల డెవలపర్ (బొమ్మను తేల్చే మందు), 3 నిమిషాల 15 సెకన్లు కావాలి. రోహిణి కార్తెలో ట్యాంకు నీళ్లు ఇంచుమించు ఆ వేడికి దగ్గరగానే వస్తాయి. బ్లాక్ అండ్ వైట్‌కు కావలసింది 20 డిగ్రీలు. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలుకు నీళ్లు కలపని డీ-76 డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. డిగ్రీ పెరిగినకొద్దీ సుమారు పదో వంతు తగ్గించుకుంటూ పోవచ్చు. అయిదు నిమిషాలలోపుకు వస్తే కడుగుడు ఎగుడుదిగుడవుతుంది. ఐసు ముక్కల్ని నేరుగా మందులో వేయొద్దు, పలచబడుతుంది. సీసాను ఐసు నీళ్ల బకెట్లో నిలబెట్టండి. చివరి కడుగుడు నీళ్లు కూడా అదే వేడిలో ఉండాలి. చల్లటి మందులోంచి వేడి కుళాయి కిందికి తెస్తే ఫిల్మ్ మీది పొర ముడతలు పడుతుంది. బోరు నీళ్లు వాడే ఊళ్లలో ఆరాక తెల్ల మచ్చలు తప్పవు. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఆఖరిసారి ముంచితే పోతాయి.

దాచే సంగతికి వద్దాం. ఎక్కువ కెమెరాలను మన ఇళ్లలో చంపింది తోలు సంచీ. తోలు తేమ పీల్చి పట్టుకుంటుంది, బీరువాలో గాలి ఆడదు, వానాకాలంలో తేమ 80 శాతం దాటుతుంది, ఫంగస్‌కు ఇంతకంటే ఏం కావాలి? సంచీ వేరుగా పెట్టి, కెమెరాను రబ్బరు అంచున్న గట్టి మూత ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. 10 లీటర్ల డబ్బాకు పావు కిలో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటర్. ముల్లు 40, 50 మధ్య ఉంటే మంచిది. 60 దాటితే జెల్ మార్చాలి. రంగు మారే జెల్ అయితే మూకుడులో సన్న సెగమీద తిరిగి పాత రంగు వచ్చేదాకా వేయించి, చల్లారాక వాడుకోవచ్చు. అయితే వంటకు వాడే మూకుడు వద్దు. కలరా ఉండలు తేమను పీల్చవు, వాటి ఆవిరి గాజు మీద పొరకడుతుంది. బియ్యం డబ్బాలో పెట్టడం ఫోన్‌కే దండగ, కెమెరాకు పిండి ధూళి అదనం. నెలకోసారి బయటికి తీసి ప్రతి వేగంలోనూ పదిసార్లు నొక్కండి, లోపలి నూనె కదులుతుంది. నెలకు మించి వాడనప్పుడు సెల్లు తీసేసి, షట్టర్ ఎక్కించకుండా వదిలేయండి. ఏసీ గదినుంచి విశాఖ బీచ్‌కు నేరుగా తీసుకెళితే గాజు లోపల కూడా చెమ్మ పడుతుంది. జిప్ కవర్లో వేసి అరగంట ఆగి తీయండి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, గ్రీజు రేకుల మీదికి దిగడానికి ఒక్క మధ్యాహ్నం చాలు.

పాత డిజిటల్ కెమెరాలూ ఇప్పుడు సంతలోకి వచ్చాయి కాబట్టి రెండు ముక్కలు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ అయితే అప్పటికప్పుడు ఒక ఫోటో తీసి, దాని ఎక్సిఫ్ వివరాల్లో (ఫోటో ఫైలులో కెమెరా రాసిపెట్టే సమాచారంలో) షట్టర్ ఎన్నిసార్లు పడిందో చూడొచ్చు. 2008 నాటి డీ90 షట్టర్‌ను కంపెనీ లక్ష సార్లకు పరీక్షించింది. 2002 నుంచి 2004 మధ్య వచ్చిన పలు కంపెనీల చిన్న కెమెరాల్లో సోనీ చేసిన సీసీడీలు (బొమ్మను పట్టే చిప్పులు) వేడికీ తేమకూ పాడై బొమ్మ ఊదారంగుగానో నల్లగానో వచ్చేది. 2005లో ఆ కంపెనీలే దీన్ని ఒప్పుకున్నాయి. మన వాతావరణంలో పెరిగిన అలాంటి కెమెరాను ఫోటో తీసి చూడకుండా కొనొద్దు. 2006కు ముందువి చాలావరకు 2 జీబీ వరకు ఉన్న పాత ఎస్‌డీ కార్డునే చదువుతాయి, 32 జీబీ వేసి "కెమెరా పోయింది" అనుకోవద్దు. బ్యాటరీ ఉబ్బితే గదిలోంచి రాదు, ముందే తీసి చూడండి.

చివరగా, ఇంట్లో నాన్నదో తాతదో కెమెరా ఉన్నవాళ్లకు. వెనక తలుపు తెరిచే ముందు రివైండ్ చక్రాన్ని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. బిగువు తగిలితే లోపల రీలు ఉంది. తలుపు ముట్టుకోకుండా అడుగు బొడిపె నొక్కి, బిగువు వదిలేదాకా నెమ్మదిగా చుట్టండి. పాత రీలు పెళుసుబారి ఉంటుంది, గబగబా తిప్పితే తెగుతుంది. ఆగ్ఫా క్లిక్-త్రీ లాంటి 120 రీలు కెమెరా అయితే వెనకనున్న ఎర్ర కిటికీలోంచి చూడండి. అంకె గానీ బాణం గానీ కనబడితే రీలు ఉన్నట్టే. దానికి రివైండ్ ఉండదు, చివరిదాకా ముందుకే తిప్పి, చీకట్లో తీసి, విడిపోకుండా కాగితపు పట్టీ అంటించాలి. ఎన్నేళ్లయినా పారేయకండి. పాత కలర్ రీలును కలర్‌గా కడిగితే రంగులు పోయి మసక వచ్చినా, బ్లాక్ అండ్ వైట్ మందులో కడిగితే మొహాలు పోల్చుకునేంత బొమ్మ చాలాసార్లు వస్తుంది. ల్యాబుకు ఇచ్చేటప్పుడు రీలు ఏ ఏటిదో, ఎక్కడ దాచిందో చీటీ మీద రాసి ఇవ్వండి, కడిగేవాడు సమయం దాన్నిబట్టే పెంచుతాడు.

ఇట్లు,
పాత కెమెరాలు వాడే కొందరు పాఠకులు,
విశాఖపట్నం